రాజీనామాల పేట

నామినేషన్ వేసే మనిషి ఎవరైనా కాగితాలు పట్టుకుని నేరుగా రిటర్నింగ్ అధికారి ఆఫీసుకే పోతాడు. సిద్దిపేటలో మాత్రం ఆ కాగితాలు ముందుగా కోనాయిపల్లి పోతాయి. నంగునూరు మండలంలోని ఆ చిన్న ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. నామినేషన్ పత్రాలను స్వామి పాదాల దగ్గర పెట్టి పూజ చేయించాకే దాఖలు చేయడం కల్వకుంట్ల చంద్రశేఖరరావుకు (కేసీఆర్) 1980ల నాటి నుంచి ఉన్న ఆనవాయితీ. నియోజకవర్గం మార్చుకుని గజ్వేల్ వెళ్లాక కూడా ఆయన ఈ గుడిని మాత్రం మార్చలేదు. మేనల్లుడు హరీశ్‌రావుదీ అదే బాట.

దేవుడి సంగతి ఎలా ఉన్నా ఓటరు మాత్రం ఒక్కసారి తప్ప ఈ ఇద్దరినీ కాదన్నది లేదు. 1985 నుంచి సిద్దిపేట ఎమ్మెల్యే అంటే మేనమామ, కాకపోతే మేనల్లుడు. బయటివాళ్లకు ఇది మరో కుటుంబ కంచుకోట. కుప్పం పక్కన ఇంకో పేరు రాసుకుంటే సరిపోతుందనుకుంటారు. కానీ కుప్పంలో నాయకుడు చంద్రబాబు ఐదేళ్లకోసారి గెలిచి, ఆ సీటును భద్రంగా దాచుకున్నాడు. సిద్దిపేటలో గెలిచిన సీటును గెలిచినవాళ్లే మళ్లీమళ్లీ విడిచిపెట్టారు. ఊరు మళ్లీమళ్లీ తెచ్చి చేతిలో పెట్టింది. 2001 సెప్టెంబరుకు, 2010 జులైకి మధ్య తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. ఆ కాలంలో సిద్దిపేట ఓటరు అసెంబ్లీ కోసం ఆరుసార్లు వేలికి సిరా పూయించుకున్నాడు. మామూలు లెక్కన రెండుసార్లు పూయించుకుంటే చాలు.

హైదరాబాద్ నుంచి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉంటుందీ పట్నం. మొన్న మొన్నటి దాకా మెదక్ జిల్లాలో ఒక డివిజన్ కేంద్రం, 2016 దసరా నాడు తానే జిల్లా అయింది. నియోజకవర్గం పెద్దదేమీ కాదు. పట్నం, దాని చుట్టూ ఊళ్లు, చిన్నకోడూరు, నంగునూరు వైపు పల్లెలు. పక్కన పారే జీవనది లేదు. చెరువు నిండితే పంట, లేకుంటే బోరు, అదీ ఎండితే వలస. చేనేతలో గొల్లభామ చీర, చిత్రకళలో కాపు రాజయ్య ఈ ఊరికి పేరు తెచ్చారు. డిగ్రీ కాలేజీ ఉంది, కోర్టు ఉంది, చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చి స్థిరపడిన టీచర్లు, గుమాస్తాలు, వకీళ్లు ఉన్నారు. ఇలాంటి పట్నంలో రాజకీయం పొలం గట్టు మీద కంటే కాలేజీ మెట్ల మీద, హోటల్ బల్లల దగ్గర ఎక్కువగా పుడుతుంది. ఉద్యోగాల వాటా మీద మొదలైన 1969 తెలంగాణ ఉద్యమం ఇక్కడ గట్టిగా అంటుకోవడంలో వింతేమీ లేదు.

సిద్దిపేట కదలకుండా ఉన్నచోటే ఉండి మూడు రాష్ట్రాల శాసనసభలకు ఎమ్మెల్యేలను పంపింది. 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి, 1957 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, 2014 తర్వాత తెలంగాణకు. తొలి ఎన్నికలను దాటేసి 1967కు వద్దాం. ఆ ఏడాది ఇక్కడ గెలిచింది వి.బి.రాజు. కాంగ్రెస్‌లో పెద్ద తలకాయ, మంత్రిగా పనిచేసిన మనిషి. 1970లో ఆయన రాజ్యసభకు వెళ్లడంతో సీటు ఖాళీ అయింది.

అప్పటికి ఉద్యమం వీధుల్లోంచి వెనక్కి తగ్గింది. కాల్పులు జరిగాయి, జైళ్లు నిండాయి, బడులు మళ్లీ తెరుచుకున్నాయి. ఇక చల్లారిందని ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో సిద్దిపేట ఉపఎన్నిక వచ్చింది. బరిలోకి దిగింది అనంతుల మదన్‌మోహన్ అనే యువ న్యాయవాది. 1969లో తెలంగాణ ప్రజాసమితి పుట్టినప్పుడు, మర్రి చెన్నారెడ్డి వచ్చి పగ్గాలు పట్టకముందు, దానికి నాయకత్వం వహించినవాడు. ఒక మంత్రి ఖాళీ చేసిన సీటులో ఉద్యమకారుడు గెలిచాడు. వీధిలో వినపడని మాటను ఓటు పెట్టెలోంచి వినిపించవచ్చని ఈ ఊరికి తెలిసింది అప్పుడే.

ఆ మాట ఎంతదూరం పోయిందన్నది వేరే సంగతి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 ప్రజాసమితి గెలిచింది. ఆ ఏడాదే చెన్నారెడ్డి పార్టీని తీసుకెళ్లి కాంగ్రెస్‌లో కలిపేశారు. ఉద్యమానికి వేసిన ఓట్లు, ఎవరి మీద వేశారో వాళ్ల ఖాతాలోనే జమ అయ్యాయి. తర్వాత మదన్‌మోహన్ కూడా కాంగ్రెస్ నాయకుడే అయ్యారు. ఊరు ఆయన్ను మాత్రం వదల్లేదు. ఆయన దగ్గర రాజకీయం నేర్చుకున్న యువజన కాంగ్రెస్ కుర్రాళ్లలో చింతమడక నుంచి వచ్చి సిద్దిపేట డిగ్రీ కాలేజీలో చదివిన చంద్రశేఖరరావు ఒకరు.

1983లో గురువు మీదికి శిష్యుడు వచ్చాడు. ఎన్టీఆర్ చైతన్యరథం రాష్ట్రమంతా ఊడ్చుకుపోయిన ఏడాది అది. తెలుగుదేశం గుర్తు మీద నిలబడితే చాలు, ఊరూ పేరూ లేనివాళ్లు కూడా హేమాహేమీలను పడగొట్టారు. అంత గాలిలోనూ సిద్దిపేటలో తెలుగుదేశం ఓడింది. కేసీఆర్‌కు అదే తొలి అసెంబ్లీ ఎన్నిక. మదన్‌మోహన్ చేతిలో వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో ఓడిపోయారు. ఈ ఊరి చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఎన్నిక ఇదే. ఎటు పోతుందో ఎవరికీ తెలియని ఎన్నిక సిద్దిపేటలో ఒకప్పుడు జరిగిందంటే ఇప్పటి కుర్రాళ్లు నమ్మడం కష్టం.

రెండేళ్లకు, 1985లో, కేసీఆర్ గెలిచారు. 1989లో గాలి తిరగబడింది. ఎన్టీఆర్ ప్రభుత్వం కూలి కాంగ్రెస్ వచ్చింది. సిద్దిపేట ఈసారీ గాలికి ఎదురే నిలబడింది, మదన్‌మోహన్‌ను కాదని కేసీఆర్‌నే గెలిపించింది. ఆరేళ్ల తేడాతో రెండుసార్లు రాష్ట్రం ఒకవైపు, ఈ ఊరు ఒకవైపు. మొదటిసారి తెలుగుదేశం వద్దంది, రెండోసారి తెలుగుదేశమే కావాలంది. పార్టీల లెక్కలో దీనికి పొంతన కుదరదు. సిద్దిపేటవాళ్లు గుర్తును చూసి కాక మనిషిని చూసి ఓటేస్తారని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. 1994లో గురుశిష్యులు మళ్లీ తలపడ్డారు. అప్పటికి ఎవరు గురువో ఎవరు శిష్యుడో ఊరికి పట్టింపు లేకుండా పోయింది.

ఊరి మీద కేసీఆర్‌కు ఈ పట్టు ఊరికే రాలేదు. సిద్దిపేట పల్లెలకు తాగునీరే పెద్ద బాధ. 1990లలో కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు డ్యాం నుంచి పైపులేసి ఈ ఎత్తు నేలకు నీళ్లు తెచ్చే పథకాన్ని కేసీఆర్ వెంటపడి సాధించారు. గుట్టల మీద ట్యాంకులు కట్టి, అక్కణ్నుంచి వాలున ఊరూరికీ వదిలారు. ఇరవై ఏళ్ల తర్వాత మిషన్ భగీరథ పేరుతో రాష్ట్రమంతా చేసిన పనికి నమూనా ఇదేనని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. బిందె పట్టుకుని ఫర్లాంగులు నడిచిన ఆడవాళ్లకు ఏ ప్రసంగమూ అవసరం లేదు. ఎన్నికల విశ్లేషణల్లో ఉద్యమం గురించి పేజీలకు పేజీలు రాస్తాం గానీ, ఈ నల్లా గురించి ఒక్క వాక్యం రాయం.

1999లో నాలుగోసారి గెలిచినా కేసీఆర్‌కు మంత్రి పదవి రాలేదు. అంతకుముందు చంద్రబాబు ప్రభుత్వంలో రవాణా మంత్రిగా చేసిన మనిషికి ఈసారి డిప్యూటీ స్పీకర్ కుర్చీ ఇచ్చారు. 2000లో కరెంటు చార్జీలు పెరిగాయి. బోరు మీద బతికే నేలలో అది చిన్న విషయం కాదు. పదవి రాలేదన్న కసితోనే ఆయన బయటికొచ్చారని ప్రత్యర్థులు ఇప్పటికీ అంటారు. కరెంటు చార్జీల మీదే మనసు విరిగిందని అభిమానులు అంటారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు. రాజకీయ నాయకుడి నిర్ణయానికి ఒక్కటే కారణం ఉండాలని ఎక్కడా లేదు. 2001 ఏప్రిల్‌లో డిప్యూటీ స్పీకర్ పదవికి, ఎమ్మెల్యే పదవికి, పార్టీకి రాజీనామా చేసి తెలంగాణ రాష్ట్ర సమితి (టీఆర్ఎస్) పెట్టారు.

పార్టీ మారినవాళ్లు ఎమ్మెల్యే పదవి వదలకుండా మారడం మనకు అలవాటైన సంగతి. ఈయన వదిలేసి ఓటరు దగ్గరికి తిరిగొచ్చారు. పుట్టి నెలలు కూడా నిండని పార్టీ, అవతల అధికారంలో ఉన్న తెలుగుదేశం. సిద్దిపేటలో ఓడితే తెలంగాణ మాట మరో పాతికేళ్లు ఎవరూ ఎత్తేవారు కాదు. సెప్టెంబరులో జరిగిన ఆ ఉపఎన్నికలో 58 వేల పైచిలుకు మెజార్టీ వచ్చింది. ముప్పై ఏళ్ల కింద మదన్‌మోహన్‌తో మొదలుపెట్టిన వాక్యాన్ని ఊరు ఆయన శిష్యుడితో కొనసాగించినట్టయింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లూ సిద్దిపేటకు ఎన్నికలే పండగలు. 2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుని కేసీఆర్ సిద్దిపేట అసెంబ్లీకి, కరీంనగర్ లోక్‌సభకు రెండింటికీ నిలబడి రెండూ గెలిచారు. ఢిల్లీకి పోతూ సిద్దిపేటను వదిలేశారు. ముప్పై రెండేళ్ల హరీశ్‌రావు అప్పటికే వైఎస్ మంత్రివర్గంలో మంత్రి, ఎమ్మెల్యే మాత్రం కాదు. ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట గెలవాలి. మామ వదిలిన సీటులో అల్లుడు గెలిచాడు. 2008 మార్చిలో, తెలంగాణ మీద ఢిల్లీ నాన్చుతోందంటూ టీఆర్ఎస్ ఎంపీలు, ఎమ్మెల్యేలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఈసారి అస్త్రం బెడిసికొట్టింది. 16 అసెంబ్లీ సీట్లలో 7 మాత్రమే తిరిగొచ్చాయి. 2006 ఉపఎన్నికలో కరీంనగర్‌లో రెండు లక్షల పైచిలుకు మెజార్టీ తెచ్చుకున్న కేసీఆర్‌కు ఈసారి 15 వేలు మిగలడమే గగనమైంది. జనం విసిగిపోయారని పత్రికలు రాశాయి. సిద్దిపేట విసగలేదు. హరీశ్‌రావుకు మళ్లీ 58 వేల మెజార్టీ ఇచ్చింది.

మరుసటి ఏడాది మామూలు ఎన్నికలు. నియోజకవర్గాల పునర్విభజనలో సిద్దిపేట పేరుతో ఉన్న లోక్‌సభ సీటు మాయమై, ఈ అసెంబ్లీ మెదక్ కిందికి వచ్చింది. అక్కడ టీఆర్ఎస్ అభ్యర్థి విజయశాంతి 6 వేల చిల్లర ఓట్లతో గట్టెక్కారు. అదే రోజు లెక్కపెట్టిన ఓట్లలో ఒక్క సిద్దిపేటలో హరీశ్‌రావు మెజార్టీ 64 వేలు దాటింది. ఎంపీ సీటును ఎవరు భుజాన మోశారో వేరే చెప్పక్కర్లేదు.

2009 నవంబరు 29న కేసీఆర్ ఆమరణ దీక్షకు ఎంచుకున్న చోటు సిద్దిపేటలోని రంగధాంపల్లి. కరీంనగర్ నుంచి బయల్దేరిన ఆయన్ను అలుగునూరు దగ్గరే అరెస్టు చేసి ఖమ్మం జైలుకు పంపారు. దీక్షాస్థలిలో వేసిన టెంటు అలాగే ఉండిపోయింది, దీక్ష మాత్రం జైల్లో, ఆసుపత్రిలో సాగింది. తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్న కేంద్రం డిసెంబరు 9 ప్రకటన, ఆ తర్వాత రెండు వైపులా రాజీనామాలు, కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ, దాని విధివిధానాల మీద నిరసనగా 2010 ఫిబ్రవరిలో టీఆర్ఎస్ ఎమ్మెల్యేల రాజీనామాలు. జులైలో 12 సీట్లకు ఉపఎన్నికలు జరిగితే 11 టీఆర్ఎస్, ఒకటి బీజేపీ గెలిచాయి. తెలుగుదేశానికి డిపాజిట్లే దక్కలేదు. ఈవీఎంల మీద నమ్మకం లేని ఉద్యమకారులు గుంపులుగా స్వతంత్రులుగా నామినేషన్లు వేశారు. అప్పటి యంత్రం 64 మంది అభ్యర్థుల్ని మించి పట్టేది కాదు. దాంతో కొన్ని నియోజకవర్గాల్లో ఎన్నికల సంఘం కాగితపు బ్యాలెట్‌కు దిగిరావాల్సి వచ్చింది. నిబంధనల పుస్తకాన్ని ఇంత ఒడుపుగా తిరగేసిన ఉద్యమం మరొకటి కనపడదు. సిద్దిపేటలో హరీశ్‌రావు మెజార్టీ 95 వేలు దాటింది.

ఈ దశలో ఎన్నికకు అర్థమే మారిపోయింది. ఎవరు గెలుస్తారన్న ప్రశ్న లేదు. ధూంధాం పాటలు, ఆడవాళ్ల బతుకమ్మలు, ఊరూరా బోనాలతో సాగిన ఆ ప్రచారంలో టీ కొట్టు దగ్గర వినిపించే మాట ఒక్కటే: ‘మెజార్టీ ఎంత?’ మెజార్టీ అంటే ఢిల్లీకి పంపే దరఖాస్తు మీద సంతకాల సంఖ్య. అందుకే ఓడే అభ్యర్థి ఎవరన్నది కూడా జనం పట్టించుకోవడం మానేశారు.

రాష్ట్రం వచ్చాక దరఖాస్తు పని అయిపోయింది, సంతకాలు మాత్రం పెరుగుతూనే పోయాయి. 2014లో 93 వేల పైన. 2018లో 1,18,699, ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అత్యధికం. ఆ ఏడాది మహాకూటమి ఈ సీటును తెలంగాణ జనసమితికి వదిలేసింది. వాళ్ల అభ్యర్థికి 12,596 ఓట్లు వచ్చాయి. 1983లో వెయ్యి ఓట్ల లోపు తేడాతో తెగిన ఊరు ఇదే. మెజార్టీ లక్ష దాటిన చోట ప్రతిపక్షానికి పోలింగ్ ఏజెంట్లు దొరకడం కూడా కష్టం. కార్యకర్త తయారుకాడు, వార్డు స్థాయిలో నిలదీసేవాడు ఉండడు. అధికారికి ఒక్క ఫోను చాలు, రెండో వైపు నుంచి ఫోను రాదు. సిద్దిపేట మిత్రులకు ఈ మాట నచ్చదని తెలుసు. పని జరుగుతుంటే ప్రతిపక్షం ఎందుకంటారు. పని జరిగిన మాట నిజం. కోమటిచెరువు కట్ట హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌కు పోటీ వచ్చింది, మెడికల్ కాలేజీ వచ్చింది, చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ నిండింది, ఏళ్ల తరబడి కలగా ఉన్న రైలు 2023 అక్టోబరులో స్టేషన్‌లోకి వచ్చింది. నిధులన్నీ సిద్దిపేట, గజ్వేల్, సిరిసిల్లకేనా అని ఇతర నియోజకవర్గాలు గొణుక్కున్నాయి కూడా. అయినా ఇంత బలం కూడా ఎమ్మెల్యేకు అన్నివేళలా అక్కరకు రాలేదు. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ మెజార్టీ తెచ్చుకున్న మనిషి 2018 డిసెంబరు తర్వాత తొమ్మిది నెలలు మంత్రివర్గం బయటే ఉన్నారు. 2019 సెప్టెంబరులో ఆర్థికమంత్రిగా పిలుపు వచ్చేదాకా సిద్దిపేట పెదవి బిగించుకుని చూసింది.

ఇంతలో ఉపఎన్నికలు ఊరు దాటాయి, వాటి వెనకే రాజీనామా అనే విద్య కూడా. 2020లో పక్కనే దుబ్బాకలో ఎమ్మెల్యే మరణంతో ఉపఎన్నిక వస్తే బాధ్యత హరీశ్‌రావుదే. వెయ్యి చిల్లర ఓట్లతో బీజేపీ అభ్యర్థి రఘునందన్‌రావు గెలిచారు. సిద్దిపేట గాలి పక్క ఊరి పొలిమేర దాటలేదన్నమాట. మరుసటి ఏడాది ఉద్యమంలో కలిసి నడిచిన ఈటల రాజేందర్ మంత్రి పదవి పోగొట్టుకుని, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి, బీజేపీ తరఫున హుజూరాబాద్‌లో మళ్లీ గెలిచారు. కేసీఆర్ పదేళ్లు పదునుపెట్టిన ఆయుధం ఆయన మీదికే తిరిగింది. 2022లో కోమటిరెడ్డి రాజగోపాల్‌రెడ్డి మునుగోడులో అదే పని చేసి ఓడిపోయారు. రాజీనామా చేసిన ప్రతివాడికీ సీటు తిరిగి ఇవ్వడానికి అన్ని ఊళ్లూ సిద్దిపేట కావు.

2023లో కేసీఆర్ గజ్వేల్‌లో, కామారెడ్డిలో పోటీ చేసి, ఓటు మాత్రం సొంతూరు చింతమడకలో వేశారు. చింతమడక సిద్దిపేట కిందికే వస్తుంది. అంటే ఆయన ఓటు పడాల్సింది మేనల్లుడికే. మూడు రోజుల్లో కామారెడ్డి పోతుందని, ప్రభుత్వమే పోతుందని ఆయన అనుకుని ఉండరు. రాష్ట్రం కాంగ్రెస్ వైపు తిరిగింది, సిద్దిపేట పాత అలవాటు ప్రకారం ఎదురు నిలబడింది. హరీశ్‌రావుకు 82,308 మెజార్టీ. గతంతో పోలిస్తే 36 వేలు తక్కువ. ఇంకెక్కడైనా ఇది బ్రహ్మాండమైన గెలుపు, ఇక్కడ మాత్రం ఎందుకు తగ్గిందన్న చర్చ. ఆర్నెల్లు తిరగకుండానే లోక్‌సభ ఎన్నికల్లో, రెండు దశాబ్దాలుగా గులాబీ పార్టీ చేతిలో ఉన్న మెదక్ ఎంపీ సీటు బీజేపీకి పోయింది. గెలిచింది దుబ్బాకలో గెలిచిన ఆ రఘునందన్‌రావే. బీఆర్ఎస్‌గా పేరు మార్చుకున్న టీఆర్ఎస్‌ది మూడో స్థానం. 2009లో ఒంటి భుజంతో ఎంపీ సీటును మోసిన సిద్దిపేట ఈసారి మొయ్యలేకపోయింది.

ఆ లోక్‌సభ ప్రచారంలోనే, 2024 ఏప్రిల్ 26న, హరీశ్‌రావు రాజీనామా లేఖ పట్టుకుని హైదరాబాద్ గన్‌పార్కులోని అమరవీరుల స్తూపం దగ్గరికి వచ్చారు. ఆగస్టు 15లోగా రెండు లక్షల దాకా రైతు రుణమాఫీ చేస్తామన్న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికి అది సవాలు. చేసి చూపిస్తే ఎమ్మెల్యే పదవి వదిలేస్తానన్నారు. ఆగస్టు 15 వచ్చింది. మాఫీ చేసేశాం, మాట నిలబెట్టుకో అని కాంగ్రెస్ ఫ్లెక్సీలు కట్టింది. అందరికీ ఎక్కడ చేశారు, లెక్క చెప్పండి అని ఆయన ఎదురడిగారు. సిద్దిపేటలో రెండు పార్టీల కార్యకర్తలు రోడ్డెక్కారు, ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు మీద దాడి జరిగింది. సిద్దిపేట ఎమ్మెల్యేను రాజీనామా చెయ్యమని అవతలి పార్టీ డిమాండ్ చేయడం, ఆయన ససేమిరా అనడం ఈ ఊరికి కొత్త. ఉపఎన్నిక రాలేదు.